సిస్టిక్ ఫైబ్రోసిస్ సీరంతో సెల్ కల్చర్ పరీక్ష: నా అనుభవం

సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులనూ జీర్ణవ్యవస్థనూ దెబ్బతీసే వారసత్వ జబ్బు) ఉన్న పిల్లల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తెచ్చి, ప్లేటులో పెరుగుతున్న కణాల మీద వేసి, రెండు రోజులయ్యాక ఎన్ని బతికాయో చూడాలి. పని ఇంతే. కొత్తగా మొదలుపెట్టినప్పుడు మొదటి ప్లేట్లన్నీ దాదాపు ఒకటే మాట చెబుతాయి: పేషెంట్ల సీరంలో కణాలు చస్తున్నాయి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల సీరంలో హాయిగా పెరుగుతున్నాయి. మాకూ అలాగే వచ్చింది. అది జబ్బు తేడా కాదు, రక్తం తీసిన తీరులో తేడా. పేషెంట్ల రక్తం వార్డులో తీసినది. నరం దొరక్క రెండు మూడు సార్లు గుచ్చి, సిరంజిని గట్టిగా లాగి, యాంటీబయాటిక్ ఎక్కుతుండగానే తీసి, సాయంత్రం దాకా బల్ల మీద ఉంచి పంపినది. పోలిక కోసం ఆరోగ్యంగా ఉన్న పిల్లల నుంచి తీసే కంట్రోల్ రక్తం పొద్దున్నే తీరిగ్గా తీసి అరగంటలో వేరుచేసినది. ఈ పరీక్షలో అసలు కష్టం కణాలతో కాదు, ఈ రెండు రక్తాలూ ఒకేలా ప్లేటు దాకా చేరేలా చూడడంతో.

ఈ దారిలో ఇదివరకే చాలామంది దెబ్బతిన్నారు. 1967లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ స్పాక్, ఆయన సహచరులు సిస్టిక్ ఫైబ్రోసిస్ పేషెంట్ల సీరాన్ని కుందేలు శ్వాసనాళపు ముక్కల మీద వేసి, అక్కడి సీలియా (కదిలే సన్నటి వెంట్రుకలు) లయ తప్పి కొట్టుకోవడం చూశారు. జబ్బు లేని తల్లిదండ్రుల సీరంలోనూ ఆ గుణం కనిపించింది. 1969లో బార్బరా బోమన్ బృందం ఆల్చిప్ప మొప్పల సీలియా మీద అదే పని చేసింది. జన్యువు ఎక్కడుందో తెలియని రోజులవి, రక్తపు చుక్కతో క్యారియర్లను (జబ్బు లేకుండా దాని జన్యువును మోసేవాళ్లను) పట్టుకోవచ్చన్న ఆశ పుట్టింది. కానీ సీలియా ఆగిందా, తడబడిందా అన్నది కంటితో చూసి తేల్చాలి. ఒక ల్యాబ్‌లో వచ్చింది ఇంకో ల్యాబ్‌లో రాలేదు. 1983లో పాల్ క్వింటన్ చెమట గ్రంథి నాళంలో క్లోరైడ్ దాటలేకపోతోందని చూపించాక, 1989లో జబ్బుకు మూలమైన సీఎఫ్‌టీఆర్ జన్యువు దొరికాక, పేషెంట్ల సీరంలోనే ఏదో చెడు పదార్థం ఉందన్న సీరం ఫ్యాక్టర్ కథ పక్కకు వెళ్లిపోయింది. దానిలోంచి ఒక్క ముక్క మాత్రం నిలిచింది. పేషెంట్లలోనూ క్యారియర్లలోనూ ఎక్కువగా ఉంటుందని పేరుపడ్డ సిస్టిక్ ఫైబ్రోసిస్ యాంటిజెన్ అనే ప్రోటీన్ ఏమిటో 1987లో తేలింది. అది న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల్లో దండిగా ఉండేదే, ఇప్పుడు కాల్‌ప్రొటెక్టిన్ అంటున్నాం. దీని సంగతి కింద మళ్లీ వస్తుంది, ఎందుకంటే మన గొట్టంలోనే ఇది పెరుగుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది రోగ నిర్ధారణ పరీక్ష కాదు. జబ్బు ఉందో లేదో చెప్పేది చెమటలో క్లోరైడ్, సీఎఫ్‌టీఆర్ జన్యు పరీక్ష. చెమట క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్, అంతకు పైన ఉంటే జబ్బు ఉన్నట్టు, 30 నుంచి 59 మధ్యలో ఉంటే ఇంకా చూడాలి. రక్తం ఇవ్వడానికి వచ్చిన తల్లి "మా పాపకు ఇందులో ఏం తేలుతుంది డాక్టర్‌గారూ?" అని తప్పకుండా అడుగుతుంది. పాపకు సంబంధించి ఏమీ తేలదని, ఇది పరిశోధన కోసమేనని సంతకం పెట్టించుకునే ముందే తెలుగులో విడమరిచి చెప్పాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నియమాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటిమాట సమ్మతి, 12 దాటినవాళ్ల రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోవాలి. ఆ పిల్లలను అడగడం మొక్కుబడి కాదు. నెలల తరబడి సూదులు గుచ్చించుకున్న పిల్లలు వాళ్లు. ఈ పరీక్ష కోసం విడిగా గుచ్చకుండా, మామూలు పరీక్షలకు తీసేటప్పుడే 3 మి.లీ. ఎక్కువ తీయమంటే చాలు. 3 మి.లీ. రక్తం నుంచి 1.2 మి.లీ. దాకా సీరం వస్తుంది. అది మొత్తం ప్రయోగానికి సరిపోతుంది.

రక్తం ప్లెయిన్ ఎరుపు మూత గొట్టంలో తీయాలి. ఈడీటీఏ గొట్టం పనికిరాదు. అది కాల్షియంను పట్టేస్తుంది, కణాలు ప్లేటు వదిలేసి తేలతాయి, చూస్తే చచ్చినట్టే ఉంటాయి. పెద్దపిల్లలకు కాన్యులా నుంచో లాంగ్ లైన్ నుంచో తీస్తే అందులో హెపారిన్ ఫ్లష్ (రక్తం గడ్డకట్టకుండా పోసే మందు) మిగిలి ఉంటుంది. హెపారిన్ కలిసిన రక్తం సగం సగం గడ్డకడుతుంది. సీరం అనుకుని తీసింది ఫ్రీజర్ నుంచి బయటికొచ్చి, 37 డిగ్రీల దగ్గర కాల్షియం ఉన్న మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) కలిశాక తీరిగ్గా గడ్డకట్టడం పూర్తిచేస్తుంది. మరుసటి రోజు మైక్రోస్కోపులో చూస్తే వెల్ (ప్లేటులోని చిన్న గుంట) నిండా సాలెగూడు పరిచినట్టు సన్నటి ఫైబ్రిన్ దారాలు, వాటిలో చిక్కుకుని ముడుచుకున్న కణాలు. పైనున్న ద్రవాన్ని తీయబోతే ఆ గూడు మొత్తం పిపెట్ చివరకు అంటుకుని కణాలతో సహా లేచి వస్తుంది. రీడింగ్ సున్నాకు దగ్గరగా పడుతుంది. ఇందులో విషం ఏమీ లేదు. అందుకే లైన్ నుంచి తీయవద్దు, చేతి నరం నుంచే తీయమని ఫారం మీద పెద్ద అక్షరాలతో రాస్తాం.

సిరంజితో తీస్తే సూది తీసేసి, గొట్టం మూత విప్పి, గోడ వెంట మెల్లగా జారవిడవాలి. సూదితోనే రబ్బరు మూతలోకి నెట్టితే ఎర్రకణాలు పగులుతాయి. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, రబ్బరు పట్టీ నిమిషానికి మించి బిగించినా అంతే. 23 గేజ్ బటర్‌ఫ్లై సూది పిల్లలకు సరిపోతుంది. క్లాట్ యాక్టివేటర్ (గడ్డకట్టడాన్ని వేగం చేసే పూత) ఉన్న గొట్టమైతే ఐదారు సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. తర్వాత గది ఉష్ణోగ్రతలో 30 నిమిషాలు నిలబెట్టి ఉంచాలి. తీయగానే ఐసులో పెడితే గడ్డకట్టడం నెమ్మదిస్తుంది, అందుకని ముందు గడ్డ, ఆ తర్వాతే చల్లదనం. సెంట్రిఫ్యూజ్‌లో 1,500 జీ (గురుత్వాకర్షణకు 1,500 రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు తిప్పి, గడ్డకు అర సెంటీమీటర్ పైనే ఆగి సీరం తీసుకోవాలి. ఆ చివరి బొట్టు కోసం ఆశపడితే ఎర్రకణాలు పైకి వస్తాయి.

ఎర్రకణాలు పగిలిన సీరాన్ని కంటితోనే పట్టవచ్చు, పూర్తిగా కాదు. గడ్డి రంగులో ఉండాల్సింది లేత గులాబీకి తిరిగితే పారేయడమే. కానీ కంటికి కనిపించనంత హిమోగ్లోబిన్ కూడా కణాలను ఇబ్బంది పెడుతుంది. ప్రతి శాంపిల్‌నూ పీబీఎస్‌లో (బఫర్ కలిపిన ఉప్పునీళ్లలో) 20 రెట్లు పలచన చేసి 414 నానోమీటర్ల దగ్గర చూసి ఆ అంకెను నోట్‌బుక్‌లో రాస్తాం. పేషెంట్ల గుంపు, కంట్రోల్ గుంపు ఈ అంకెలో సమానంగా ఉన్నాయా అన్నది ప్లేటు వేయకముందే తేల్చుకోవాలి. ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన శాంపిళ్లన్నీ వరుసగా ఎక్కువ చూపిస్తే తప్పు పేషెంట్లలో కాదు, తీసే చేతిలో ఉంది. వెళ్లి ఆ సిస్టర్‌తో పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే మరుసటి వారం నుంచి సర్దుకుంటుంది.

ఇక కాల్‌ప్రొటెక్టిన్. రక్తం గడ్డకట్టేటప్పుడు న్యూట్రోఫిల్స్ దీన్ని బయటికి వదులుతాయి, అందుకే ప్లాస్మాలో (గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ద్రవంలో) కంటే సీరంలో ఎక్కువ. గడ్డ మీద సీరాన్ని ఎంతసేపు వదిలేస్తే అంత పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్న పేషెంటుకు న్యూట్రోఫిల్స్ ఎలాగూ ఎక్కువ, కాబట్టి అదే ఆలస్యానికి అతని సీరంలో ఎక్కువ చేరుతుంది. కల్చర్‌లో ఎక్కువ మోతాదు కాల్‌ప్రొటెక్టిన్ జింక్‌ను లాగేసుకుని కణాలను చంపగలదు. దీన్ని పట్టుకునే ఉపాయం చవక. అనుమానం ఉన్న సీరం వేసిన కొన్ని వెల్స్‌లో 10 మైక్రోమోలార్ జింక్ సల్ఫేట్ కలపాలి. జింక్‌తో కణాలు కోలుకుంటే అనుమానం కాల్‌ప్రొటెక్టిన్ మీదకే పోతుంది. జింక్‌ను 100 మైక్రోమోలార్ దాకా తీసుకెళితే జింకే చంపవచ్చు, అందుకని జింక్ ఒక్కటే వేసిన కంట్రోల్ తప్పనిసరి. అన్ని గొట్టాలూ రక్తం తీసిన నిమిషం నుంచి సరిగ్గా ఒకే వ్యవధిలో సెంట్రిఫ్యూజ్‌కు వెళ్లాలన్న నియమం మేము కఠినంగా పాటించడానికి కారణం ఈ ప్రోటీనే. తీసిన టైమ్, తిప్పిన టైమ్ రెండూ లేబుల్ మీద లేని శాంపిల్‌ను ప్లేటులో వేయం.

సీరాన్ని 200 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 80లో పెట్టాలి. ఒక గొట్టం ఒక్కసారే కరగాలి, మిగిలింది మళ్లీ ఫ్రీజర్‌కు వెళ్లకూడదు. మే నెలలో హైదరాబాద్‌లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఫ్రీజర్ తలుపు ఎవరూ తీయకుండా చూడడం కూడా ఈ పనిలో భాగమే. ఫ్రీజర్ ఎంతదాకా వేడెక్కిందో రాసే రికార్డర్ లేకపోతే ఏ శాంపిల్ ఎన్నిసార్లు కరిగిందో చెప్పలేం.

తర్వాత వేడి. 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచితే కాంప్లిమెంట్ ప్రోటీన్లు (పరాయి కణాల మీద దాడిచేసే రక్తంలోని రక్షణ ప్రోటీన్లు) పనిచేయడం మానేస్తాయి. ఇందులో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. వాటర్ బాత్ 56 చూపించగానే గడియారం మొదలుపెడతారు, గొట్టంలో సీరం ఇంకా 40 దగ్గరే ఉంటుంది. అంతే నీళ్లు పోసిన ఇంకో గొట్టంలో థర్మామీటర్ పెట్టి, అది 56కు చేరాక లెక్క మొదలుపెట్టాలి. రెండోది, బాత్ 60 దాటితే సీరం చిక్కబడి మబ్బుగా మారుతుంది, ఆ మబ్బే ప్లేటు రీడింగ్‌లో కనిపిస్తుంది. గొట్టంలో సీరం మట్టం కంటే బాత్ నీళ్లు పైకి ఉండాలి.

అసలు వేడి చేయాలా వద్దా అంటే, రెండూ పక్కపక్కనే వేయాలి. వేడి చేయని సీరం చంపి, వేడి చేసింది చంపకపోతే అనుమానం ముందుగా కాంప్లిమెంట్ మీదకే పోతుంది. లోలోపల రగులుతున్న ఇన్‌ఫెక్షన్ ఉన్న పిల్లల్లో కాంప్లిమెంట్ ఎక్కువగా ఉండడం వింత కాదు. ఇందులో ఎవరూ హెచ్చరించని గొయ్యి ఒకటుంది. టాక్సిసిటీ పరీక్షలకు అలవాటైన ఎల్929 కణాలు ఎలుకవి. ఎలుక కణాల మీద ఆల్ఫా గాల్ అనే చక్కెర ఉంటుంది, మనుషుల్లో అది లేదు, దానికి వ్యతిరేకమైన యాంటీబాడీలు మాత్రం మనందరి రక్తంలోనూ ఉంటాయి. వేడి చేయని మనిషి సీరం ఎవరిదైనా ఎల్929ను దెబ్బతీయవచ్చు. దాన్ని సిస్టిక్ ఫైబ్రోసిస్ విషం అనుకుంటే పని మొత్తం నీళ్ల పాలు. మనిషి సీరానికి మనిషి కణాలే వాడాలి. కంట్రోల్‌గా ఏబీ గ్రూపు సీరం వాడేది కూడా ఇలాంటి కారణానికే, అందులో ఏ, బీ యాంటిజెన్‌ల మీద దాడిచేసే యాంటీబాడీలు ఉండవు. ఓ గ్రూపు పేషెంటు సీరంలో ఆ రెండూ ఉంటాయి. అందుకే ప్రతి శాంపిల్ పక్కన బ్లడ్ గ్రూపు రాస్తాం.

చేయి కుదరడానికి పుణెలోని ఎన్‌సీసీఎస్ కణాల బ్యాంకు నుంచి తెచ్చిన ఏ549 ఊపిరితిత్తి కణాలు చాలు. అసలు ప్రశ్నకు సీఎఫ్‌బీఈ41ఓ కణాలు కావాలి. అవి సీఎఫ్‌టీఆర్ జన్యువు రెండు కాపీల్లోనూ ఎఫ్508డెల్ అనే మార్పు ఉన్న పేషెంటు శ్వాసనాళం నుంచి వచ్చినవి. జోడీగా చాలామంది 16హెచ్‌బీఈ14ఓ కణాలు పెడతారు, అవి జబ్బు లేని మనిషివి. నాకు ఆ జోడీ నచ్చదు. ఇద్దరు వేర్వేరు మనుషుల కణాల మధ్య తేడా అంతా సీఎఫ్‌టీఆర్‌దే అని ఎలా అంటాం? అదే సీఎఫ్‌బీఈ కణాల్లోకి సరైన సీఎఫ్‌టీఆర్ చేర్చిన వరుసను పక్కన పెడితే పోలిక నిలుస్తుంది. ఇంకో మాట కూడా ఉంది. రక్తం నేరుగా తాకేది శ్వాసనాళపు పొరను కాదు, రక్తనాళాల లోపలి పొరను. అందుకని బొడ్డుతాడు సిర నుంచి తీసిన హెచ్‌యూవీఈసీ కణాల్లో కూడా ఒక ప్లేటు వేయాలి.

సీఎఫ్‌బీఈ, 16హెచ్‌బీఈ కణాలు ఉత్త ప్లాస్టిక్ మీద సరిగ్గా పట్టవు. మి.లీ.కి ఫైబ్రోనెక్టిన్ 10 మైక్రోగ్రాములు, కొల్లాజెన్ 30, బీఎస్ఏ (ఆవు ఆల్బుమిన్) 100 ఉండేలా కలిపిన ద్రవాన్ని వెల్స్‌లో పోసి 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచి, తీసేసి ఆరబెట్టాలి. మీడియం ఎంఈఎం, 10 శాతం ఎఫ్‌బీఎస్ (ఆవు పిండపు సీరం). మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి కోసం పీసీఆర్ పరీక్ష నెలకోసారి చేయాలి. మైకోప్లాస్మా కంటికి కనిపించదు, మీడియం మబ్బుగా మారదు, ఎమ్‌టీటీ (బతికున్న కణాలను రంగుతో కొలిచే పరీక్ష) అంకెలు మాత్రం మారిపోతాయి.

కణాల లెక్కకు ఒక ఉదాహరణ. ట్రిప్సిన్ ఎంజైముతో ప్లేటు నుంచి లేపిన కణాలను 0.4 శాతం ట్రిపాన్ బ్లూ రంగుతో సమానంగా కలిపి న్యూబాయర్ చాంబర్‌లో (కణాలు లెక్కించే గళ్ల గాజుపలకలో) నాలుగు మూల గళ్లు లెక్కిస్తే 182 వచ్చాయనుకుందాం. గడికి 45.5, రెండు రెట్ల పలచన, పదివేలతో గుణిస్తే మి.లీ.కి 9,10,000. వెల్‌కు 100 మైక్రోలీటర్లలో 8,000 కణాలు కావాలంటే మి.లీ.కి 80,000 ఉండాలి. 60 వెల్స్‌కు కొంచెం ఎక్కువేసి 7 మి.లీ. చేసుకుంటే 5,60,000 కణాలు, అంటే 0.615 మి.లీ. సస్పెన్షన్, మిగతాది మీడియం. 8,000 అన్న అంకెను గుడ్డిగా తీసుకోవద్దు. 1,000 నుంచి 40,000 దాకా వేసి, 48 గంటల తర్వాత రీడింగ్ ఏ మేరకు సరళరేఖగా పెరుగుతోందో చూసి మీ కణాలకు తగ్గది ఎంచుకోవాలి. వెల్ నిండిపోతే 20 శాతం చచ్చినా రీడింగ్ కదలదు.

96 వెల్స్ ప్లేటులో అంచు వెల్స్‌లో కణాలు వేయకూడదు. అక్కడ ద్రవం త్వరగా ఆవిరైపోతుంది, వాటిలో 200 మైక్రోలీటర్ల పీబీఎస్ పోసి వదిలేయాలి. లోపల మిగిలేవి ఆరు వరుసలు, పది నిలువులు. కణాలు వేశాక ప్లేటును హుడ్‌లోనే (వడకట్టిన గాలి వచ్చే క్యాబినెట్‌లోనే) 15 నిమిషాలు కదలకుండా ఉంచితే కణాలు సమానంగా కుదురుకుంటాయి, వెంటనే ఇంక్యుబేటర్‌కు మోసుకెళితే అంచుకు చేరి ఉంగరంలా పేరుకుంటాయి. 24 గంటలు పట్టనిచ్చాక మీడియం మార్చాలి. ఒక నిలువులో కణాలు లేని ఖాళీ మీడియం, ఒకదానిలో మామూలు 10 శాతం ఎఫ్‌బీఎస్, ఒకదానిలో 10 శాతం ఏబీ సీరం, ఒకదానిలో అన్నీ చచ్చేలా 0.1 శాతం ట్రైటాన్ డిటర్జెంట్. మిగిలిన ఆరు నిలువుల్లో మూడు పేషెంట్లవి, మూడు అదే వయసు పిల్లలవి. ఒక్కో నిలువులో పై మూడు వెల్స్ వేడి చేసిన సీరం, కింది మూడు చేయనిది. 10 శాతానికి వెల్‌కు 10 మైక్రోలీటర్లు చాలు. ఏ నిలువు ఎవరిదో ప్లేటు వేసే మనిషికి తెలియకూడదు. ఇంకొకరు అంకెలు వేసి ఇవ్వాలి. సీలియా రోజుల్లో జరిగిన తప్పు కంటితో చూసి తేల్చడం ఒక్కటే కాదు, ఏ సీరం ఎవరిదో తెలిసి చూడడం కూడా ఉండి ఉంటుందని నా గట్టి అనుమానం.

ఈ ప్రయోగం మొత్తంలో నేను ఎక్కువ పట్టుబట్టే విషయం ఇప్పుడు చెబుతాను. పోషణ చాలకపోవడం వేరు, విషం వేరు. ఎఫ్‌బీఎస్ తీసేసి దాని స్థానంలో 10 శాతం పేషెంటు సీరం వేస్తే కణాలు తగ్గాయనుకోండి. వాటిని ఏదో చంపిందా, లేక వాటికి తిండి చాలలేదా? సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలకు క్లోమరసం అందక కొవ్వు అరగదు, ఏ, ఈ విటమిన్లు తక్కువ, ఎదుగుదల కుంటుపడ్డవాళ్లలో ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల హార్మోన్ కూడా తక్కువ. అలాంటి సీరంలో కణాలు నెమ్మదిగా పెరిగితే ఆశ్చర్యం లేదు. అందుకని రెండో ప్లేటు ఉండాలి: 10 శాతం ఎఫ్‌బీఎస్ అలాగే ఉంచి, పైన 10 శాతం పేషెంటు సీరం. కంట్రోల్ వెల్స్‌లోనూ మొత్తం 20 శాతమే ఉండాలి. ఈ ప్లేటులో కణాలు మామూలుగా పెరిగితే మొదటి ప్లేటులో చూసింది ఆకలి. ఇందులోనూ చస్తేనే విషం అన్న మాట వాడాలి. మేము వేసిన చాలా సీరాల్లో మొదటి ప్లేటులో కనిపించిన తేడా రెండో ప్లేటులో కరిగిపోయింది. ఇది నిరాశ పడాల్సిన సంగతి కాదు. ఆకలితో ఉన్న సీరం అని తెలియడం కూడా ఆ పిల్లల గురించి ఒక నిజమే.

48 గంటల తర్వాత ఎమ్‌టీటీ. పీబీఎస్‌లో మి.లీ.కి 5 మిల్లీగ్రాముల ద్రావణం, 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పోసి, వెలుతురు తగలకుండా 4 డిగ్రీల దగ్గర ఉంచినది. సీరం ఉన్న మీడియంలోకే నేరుగా వేయకూడదు. ఆల్బుమిన్‌లోని థయాల్స్ (గంధకం ఉన్న భాగాలు), విటమిన్ సి కణాలు లేకపోయినా ఎమ్‌టీటీని కొంత ఊదాగా మారుస్తాయి. ముందు ప్లేటును 250 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, లేచిన కణాలు కూడా అడుగుకు చేరాక, మీడియం మెల్లగా తీసి, పీబీఎస్‌తో ఒక్కసారి కడిగి, సీరం లేని మీడియం 100, ఎమ్‌టీటీ 10 మైక్రోలీటర్లు వేయాలి. మూడు నాలుగు గంటలకు మైక్రోస్కోపులో చూస్తే బతికున్న ప్రతి కణం మీద ముదురు ఊదా సూదులు ముళ్లలా పొడుచుకుని ఉంటాయి, చచ్చిన కణాలు తెల్లగా వట్టిగా మిగులుతాయి. ఈ చూపు మానవద్దు. రీడర్ ఇచ్చే అంకె తప్పైనా ఈ సూదులు ఎక్కడున్నాయో కన్ను చెబుతుంది. ద్రవం తీసేసి, సూదులను కరిగించే డీఎమ్‌ఎస్‌ఓ 100 మైక్రోలీటర్లు వేసి పది నిమిషాలు ఊపి 570 నానోమీటర్ల దగ్గర చదవాలి, 630 రీడింగ్ తీసివేయాలి. ఖాళీ వెల్ 0.06, కంట్రోల్ 0.96, శాంపిల్ 0.78 అయితే 0.72ను 0.90తో భాగించాలి, 80 శాతం. 70 శాతం కంటే తగ్గితే విషపూరితం అన్న గీత ఐఎస్ఓ 10993-5లో ఉంది, కానీ అది వైద్య పరికరాల కోసం గీసినది. సీరానికి ఏబీ సీరంతో, తోటి పిల్లల సీరంతో పోలికే సరైన గీత.

ఎమ్‌టీటీ చెప్పేది కణాల జీవక్రియ, చావు కాదు. అందుకని ఇంకో పద్ధతి తోడు కావాలి. చాలామంది వెంటనే ఎల్‌డీహెచ్ (పగిలిన కణాల నుంచి బయటికొచ్చే ఎంజైము) కిట్ కొంటారు. సీరంతో అది పనిచేయదు. మనిషి సీరంలోనే ఎల్‌డీహెచ్ ఉంటుంది, ఎర్రకణాలు పగిలితే మరింత ఉంటుంది. చావని కణాలు చచ్చినట్టు, కాస్త గులాబీ రంగు సీరం పరమ విషం అన్నట్టు చూపిస్తుంది. న్యూట్రల్ రెడ్ అనే రంగు మేలు: మి.లీ.కి 40 మైక్రోగ్రాములు, ముందు రాత్రి కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచి, పొద్దున్న తిప్పి స్ఫటికాలు తీసేసి, రెండు గంటలు కణాలకు ఇచ్చి, 50 శాతం ఇథనాల్, 1 శాతం ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో రంగు లాగి 540 దగ్గర చదవాలి. ఈ రంగు కణంలోని జీర్ణ సంచుల్లాంటి లైసోజోముల్లో చేరుతుంది. అజిత్రోమైసిన్ కూడా అక్కడే చేరుతుంది, చాలామంది సిస్టిక్ ఫైబ్రోసిస్ పేషెంట్లు వారానికి మూడు రోజులు అది వేసుకుంటారు. ఎమ్‌టీటీ, న్యూట్రల్ రెడ్ రెండూ ఒకే మాట చెబితే ముందుకు వెళ్లాలి, విడిపోతే మందుల జాబితా తీయాలి.

ఆ జాబితా శాంపిల్‌తో పాటే రావాలి. టోబ్రామైసిన్, సెఫ్టాజిడిమ్, సిప్రోఫ్లోక్సాసిన్, కోలిస్టిన్, ఆఖరి మోతాదు ఏ టైముకు ఇచ్చారో సహా. ఐవాకాఫ్టర్ లాంటి సీఎఫ్‌టీఆర్ మాడ్యులేటర్లు (ఆ ప్రోటీన్ పనిని సరిచేసే మందులు) వాడుతుంటే అవి సీఎఫ్‌బీఈ కణాల మీద నేరుగా పనిచేయగలవు, ఆ సీరాన్ని విడి గుంపుగా పెట్టాలి. రక్తం ఎప్పుడూ తర్వాతి మోతాదుకు ముందే తీయమని అడగాలి. ఏబీ సీరంలో ఆ మందే అదే మోతాదులో కలిపి ఒక నిలువు వేస్తే సందేహం అక్కడే తీరుతుంది.

లెక్కల్లో ఒకే ఒక్క హెచ్చరిక. ఒక పేషెంటు సీరం ఆరు వెల్స్‌లో వేస్తే అది ఆరు కాదు, ఒకటే. వెల్స్ సగటును పేషెంటు అంకెగా తీసుకుని, పేషెంట్ల సంఖ్యతోనే గణాంకాలు వేయాలి. ముగ్గురు పేషెంట్ల పద్దెనిమిది వెల్స్‌తో వచ్చిన చక్కటి పీ విలువకు (తేడా కాకతాళీయం కాదని చూపే అంకెకు) అర్థం లేదు.

ఈ పనంతా క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్‌లో, హెపటైటిస్ బి టీకా వేసుకున్న చేతులతో జరగాలి. మిగిలిన ద్రవం 1 శాతం హైపోక్లోరైట్‌లో అరగంట నానాకే బయటికి పోవాలి. హైపోక్లోరైట్ పోసినవి ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు.

వడపోతలన్నీ దాటి, వేడి చేసినా, జింక్ ఇచ్చినా, ఎఫ్‌బీఎస్ పైన వేసినా చంపుతూనే ఉన్న సీరం ఎప్పుడో ఒకటి దొరుకుతుంది. దాన్ని 10 కిలోడాల్టన్ (అణువు బరువుకు కొలత) సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్‌లో వేసి రెండు భాగాలు చేయాలి. ఫిల్టర్ పొరకు గ్లిసరిన్ పూసి ఉంటుంది, ముందు పీబీఎస్‌తో రెండుసార్లు కడగకపోతే ఆ గ్లిసరిన్ మీడియంలోకి దిగుతుంది. కిందికి దిగింది చంపితే చిన్న అణువు, బహుశా మందు. పైన మిగిలింది చంపితే ప్రోటీన్, లేదా ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకున్న మందు. పైభాగాన్ని పీబీఎస్‌తో అసలు కొలతకు తెచ్చి మళ్లీ వేయాలి, రెండు భాగాలూ కలిపి కూడా వేయాలి. దీనికంతా కనీసం 400 మైక్రోలీటర్లు కావాలి. అందుకే ప్రతి పేషెంటువీ రెండు గొట్టాలు మొదటి రోజే ఫ్రీజర్‌లో విడి పెట్టెలో, ఎవరూ ముట్టకుండా పెడతాం.